అద్దం 150 ఎం.ఎం. ఉంది, చంద్రుడి ఫోటో మాత్రం మసకగానే వస్తోంది

నెలవంక_నేస్తం | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. టెలిస్కోప్ చేతికొచ్చి రెండు నెలలైంది. 150 ఎం.ఎం. డాబ్సోనియన్ (పెద్ద అద్దంతో వెలుగు పోగుచేసి, సాదా పీట మీద తిరిగే రకం), ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు దూరం) 1200 ఎం.ఎం. మోటారు లేదు, చేత్తోనే తిప్పుకోవాలి. ఫోన్‌ని ఐపీస్‌కి బిగించే హోల్డర్ ఒకటి ఉంది (ఐపీస్ అంటే కన్ను పెట్టి చూసే చిన్న కటకం). ఈ రాత్రి అష్టమి చంద్రుడు, ఒక్క మబ్బు లేదు. గంటన్నర కూర్చుని నూట నలభై ఫోటోలు తీశాను. ఒక్కటీ మనసుకు నచ్చలేదు.

మొదట్లో చంద్రుడు ఏ గీతా లేకుండా తెల్లటి పళ్ళెంలా వచ్చేవాడు. ఫోన్‌లో ప్రో మోడ్‌కి మారి వెలుగు తగ్గించడం నేర్చుకున్నాక ఆ బాధ పోయింది. ఇప్పుడు బిలాలు (క్రేటర్లు) కనిపిస్తున్నాయి, కానీ అన్నీ తడిచేత్తో తుడిచినట్టున్నాయి. నడిమధ్యలో టాలెమేయస్, అల్ఫాన్సస్, అర్జాకెల్ వరసగా ఉంటాయి కదా, అల్ఫాన్సస్ మధ్యలో ఉండే చిన్న శిఖరం ఎంత జూమ్ చేసినా దొరకడం లేదు. వాడింది 10 ఎం.ఎం. ఐపీస్. ఫోకస్ పదిసార్లు సరిచేశాను. లోపం ఎక్కడుందో తెలియక చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిపూట | శనివారం రాత్రి 11:34

ఫోన్ మీద వేలు పెట్టి తీస్తున్నారా? 1200 ఫోకల్ లెంగ్త్‌కి 10 ఎం.ఎం. ఐపీస్ అంటే 120 రెట్లు. చంద్రుడు ఎన్ని రెట్లు పెద్దగా కనిపిస్తాడో, మీ చేతి కదలిక కూడా అన్ని రెట్లు పెద్దదవుతుంది.

గొట్టాన్ని వేలితో ఒకసారి తట్టి, ఐపీస్‌లో చూస్తూ లెక్కపెట్టండి. బొమ్మ నిలబడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో దానికి ఒకటి కలిపి టైమర్ పెట్టుకోండి. నా దానికి నాలుగు సెకన్లు పడుతుంది. అది తెలియక నెల రోజులు మూడు సెకన్ల టైమర్‌తో తీశాను, అవన్నీ పాడయ్యాయి.

నెలవంక_నేస్తం | శనివారం రాత్రి 11:41

లేదండి, టైమర్ 5 సెకన్లే. తట్టి చూశాను, రెండు సెకన్లలో నిలబడుతోంది.

కటకం75 | శనివారం రాత్రి 11:50

గాలి సంగతి చూశారా? పగలంతా ఎండ తిన్న కాంక్రీటు మీద పెడితే రాత్రి చాలాసేపటి వరకూ కింది నుంచి వేడి లేస్తూనే ఉంటుంది. చంద్రుడి అంచు వంక ఒక నిమిషం చూడండి. మరిగే నీళ్ళ అడుగున ఉన్న నాణెంలా అంచు అల్లాడుతుంటే ఆ రాత్రి ఏ కెమెరా పెట్టినా ఒకటే. మట్టి మీదో గడ్డి మీదో పెడితే నయం. గదిలోంచి బయటికి తెచ్చాక అద్దం చల్లబడటానికి ముప్పావు గంట వదిలేయాలి.

అద్దాలబడి | శనివారం రాత్రి 11:58

నేస్తం గారూ, ఊహించడం తర్వాత, ముందు మూడు విషయాలు చెప్పండి. ఒకటి, ఫోటో వివరాల్లో ఐఎస్ఓ (సెన్సర్ వెలుగును పట్టే చురుకు) ఎంత, షట్టర్ (వెలుగును లోపలికి వదిలే సమయం) ఎంత అని చూపిస్తోంది? రెండు, టెలిస్కోప్ ఎంతసేపు బయట ఉంది? మూడు, ఇప్పుడే వెళ్ళి, ఏమీ మార్చకుండా, చంద్రుణ్ణి ఎలా చూశారో అలాగే ఒక మంచి నక్షత్రం మీద పెట్టండి. ఫోకస్‌ని కావాలనే బాగా తప్పించండి. ఏ ఆకారం కనిపిస్తుందో చూసింది చూసినట్టు రాయండి.

నెలవంక_నేస్తం | శనివారం రాత్రి 12:36

చూసి వచ్చానండి.

ఐఎస్ఓ 100, షట్టర్ 1/10 సెకను. టెలిస్కోప్ రెండున్నర గంటలకు పైగా బయటే ఉంది. గడ్డి మీదే పెట్టాను, అంచు పెద్దగా కదలడం లేదు.

నక్షత్రం ఫోకస్ తప్పిస్తే చిన్న గుండ్రటి వెలుగు బిళ్ళలా ఉంది. నిండుగా, ఒకే రంగులో. ఒక వింత మాత్రం ఉంది. ఫోకస్ నాబ్ తిప్పుతుంటే ఆ బిళ్ళ ఉన్నచోట ఉండకుండా ఒక పక్కకు జరుగుతోంది. వెనక్కి తిప్పితే రెండో పక్కకు పోతోంది. అద్దం వంకరగా ఉన్నట్టా?

అద్దాలబడి | ఆదివారం ఉదయం 6:50

అద్దం వంకర కాదు. మీ గొట్టం ముందు పెద్ద మూత అలాగే ఉంది, దాని మధ్యలో ఉండే చిన్న మూత ఒక్కటే తీశారు. అవునా?

ఎలా చెప్పానో చెబుతాను, రేపు ఇంకెవరికైనా పనికొస్తుంది.

మీలాంటి న్యూటోనియన్‌లో (రెండు అద్దాల టెలిస్కోప్, మీ డాబ్సోనియన్ కూడా ఆ రకమే) వెలుగు వచ్చే దారిలో చిన్న అద్దం అడ్డంగా ఉంటుంది. అందుకే నక్షత్రం ఫోకస్ తప్పిస్తే గాజులా కనిపించాలి, మధ్యలో నల్లటి గుండ్రం ఉండాలి. మీకు నిండు బిళ్ళ కనిపించింది. అంటే వెలుగు ఆ చిన్న అద్దాన్ని తప్పించుకుని, ఒక పక్క నుంచి మాత్రమే వస్తోంది. పక్క నుంచి వచ్చే వెలుగు ఫోకస్ దగ్గర మాత్రమే నడిమధ్యకు చేరుతుంది, ముందూ వెనకా పక్కలకు ఉంటుంది. బిళ్ళ జరగడం అందుకే.

అంతకంటే పెద్ద ఆధారం 1/10 సెకను. 150 ఎం.ఎం. అద్దం, 10 ఐపీస్, ఐఎస్ఓ 100, అష్టమి చంద్రుడు అంటే షట్టర్ 1/125 చుట్టుపక్కల ఉండాలి. మీది 1/10 దగ్గర ఆగింది, అంటే వెలుగు పన్నెండు పదమూడు రెట్లు ఎక్కడో పోతోంది.

నెలవంక_నేస్తం | ఆదివారం ఉదయం 9:15

అవునండి! పెద్ద మూత తీస్తే కళ్ళు చెదిరిపోతున్నాయని మొదటి వారం నుంచి చిన్న కన్నంతోనే చూస్తున్నాను. వెలుగు తగ్గించడానికే ఆ కన్నం ఇచ్చారనుకున్నాను. ఇప్పుడే స్కేలు పెట్టి కొలిచాను, కన్నం 40 ఎం.ఎం. ఉంది.

వెలుగు తగ్గితే ఫోటో కొంచెం చీకటిగా రావాలి కదా, మసకగా ఎందుకు వస్తుంది? ఇది మాత్రం నాకు అర్థం కాలేదు.

అద్దాలబడి | ఆదివారం ఉదయం 9:52

మీ ఫోటోకి రెండు వైపుల నుంచి దెబ్బ తగిలింది.

మొదటిది కన్నం వల్ల. ఏ టెలిస్కోప్ ఎంత సన్నటి వివరం విడదీయగలదో దాని వెడల్పు నిర్ణయిస్తుంది. 116ని ఆ వెడల్పు మిల్లీమీటర్లతో భాగిస్తే ఆర్క్ సెకండ్లలో (ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) హద్దు వస్తుంది, దీన్ని డాస్ లిమిట్ అంటారు. 150కి సుమారు 0.77, 40కి 2.9. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అక్కడ ఒక ఆర్క్ సెకండ్ అంటే 1.86 కిలోమీటర్లు. అంటే మీ అద్దానికి కిలోమీటరున్నర వివరం అందుతుంది. ఆ మూత దాన్ని అయిదున్నర కిలోమీటర్ల దగ్గర ఆపేసింది. అల్ఫాన్సస్ శిఖరం అందులోనే కరిగిపోయింది.

రెండోది షట్టర్ వల్ల. భూమి తిరుగుతుంది కాబట్టి మోటారు లేని గొట్టంలో చంద్రుడు సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకండ్లు జరిగిపోతాడు. 1/10 సెకనులో 1.5 ఆర్క్ సెకండ్లు. అంటే షట్టర్ తెరిచి ఉన్నంతలోనే బొమ్మ దాదాపు మూడు కిలోమీటర్లు పక్కకు సాగింది. 1/125లో అయితే ఆ జరుగుడు 0.12, కంటికి కూడా అందదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మీరు చూస్తున్నది రాత్రి దృశ్యం కాదు. అక్కడ పగలు, ఎండ పడుతున్న రాతినేల. చంద్రుడి నేల పాత తారురోడ్డంత నలుపు, పడిన వెలుగులో 12 శాతం దాకానే తిప్పి పంపుతుంది. అయినా అది ఎండలో ఉన్న రాయి. దాన్ని ఎండలో ఉన్న రాయిని తీసినట్టే తీయాలి. వెలుగు ఎక్కువైతే షట్టర్ వేగం పెంచండి, అద్దాన్ని మాత్రం మూయకండి. ఆ వెలుగే మీకు 1/125 ఇస్తుంది.

చీకటిపక్షం | ఆదివారం ఉదయం 10:30

నేను ఫోటోలు తీయను, పెన్సిల్‌తో గీస్తాను. ఇరవై ఏళ్ళుగా చంద్రుడి బొమ్మలే. కంటితో చూసేవాళ్ళ తరఫున ఒక మాట. పెద్ద మూత తీస్తే కళ్ళు చెదురుతాయి నిజమే, కానీ ఆ వెలుగు కంటికి హాని చేయదు. చూశాక ఆ కన్ను కాసేపు మసకబారుతుంది, అంతే. దగ్గర్లో ఒక దీపం వేసి ఉంచుకోండి, కనుపాప మరీ విచ్చుకోదు. లేదా రెట్లు పెంచండి, వెలుగు తనంతట తానే తగ్గుతుంది.

సూర్యుడి వైపు మాత్రం, సరైన సౌర ఫిల్టర్ గొట్టం ముందు భాగానికి గట్టిగా బిగించకుండా, పెద్ద కన్నం గానీ చిన్న కన్నం గానీ తిప్పవద్దు. పగటిపూట సూర్యుడి దగ్గరున్న నెలవంకను వెతికేటప్పుడు కూడా ఈ జాగ్రత్త తప్పదు.

కటకం75 | ఆదివారం ఉదయం 11:05

అద్దాలబడి గారి లెక్క ఒప్పుకుంటాను. కానీ గాలి బాగాలేని రాత్రి చిన్న కన్నంతో బొమ్మ నిలకడగా కనిపిస్తుంది, అది నా అనుభవం. నా 80 ఎం.ఎం. రిఫ్రాక్టర్‌లో (అద్దం బదులు కటకం ఉన్న టెలిస్కోప్) ప్రశాంతంగా కనిపించే రోజున పక్కనున్న 200 ఎం.ఎం. అద్దంలో చంద్రుడు ఉడికిపోతుంటాడు.

అద్దాలబడి | ఆదివారం ఉదయం 11:20

నిజమే. చిన్న కన్నానికి గాలి కదలిక తక్కువ అంటుతుంది, కంటికి హాయిగా ఉంటుంది. కానీ పెద్ద అద్దంలో అల్లాడుతున్న బొమ్మ మధ్యమధ్యలో ఒక్క క్షణం గడ్డకట్టినట్టు ఆగుతుంది. ఆ క్షణంలో కనిపించేది చిన్న కన్నం ఎప్పటికీ చూపించలేదు. ఫోటో తీసేవాడు కాచుకోవాల్సింది ఆ క్షణం కోసమే. ఎలా పట్టుకోవాలో ఫ్రేముల_మూట వచ్చి చెబితే బాగుంటుంది.

నెలవంక_నేస్తం | ఆదివారం రాత్రి 10:48

మూత తీసి తీశాను.

ఐఎస్ఓ 100, షట్టర్ 1/125. ఇవాళ నవమి, కోపర్నికస్ సరిగ్గా వెలుగు చీకట్ల గీత మీద ఉంది. బిలం అడుగు ఇంకా నల్లగానే ఉంది, అంచుకు మాత్రం ఎండ తగిలింది. ఆ గోడ లోపలి వైపు మెట్లు మెట్లుగా దిగుతోంది. మెట్లు! రెండు నెలల్లో అవి నాకు ఒక్కసారీ కనిపించలేదు.

ఇంకోటి అడగాలి. కోపర్నికస్‌కీ ఎరటోస్తనీస్‌కీ మధ్య నిన్నటిదాకా బూడిద రంగు చార ఒకటి ఉందనుకున్నాను. ఈ ఫోటోలో అది చార కాదు, పూసలు గుచ్చినట్టు వరసగా చిన్న చిన్న గుంటలు. తొమ్మిది వరకూ లెక్కపెట్టాను. ఇవి నిజంగా ఉన్నవేనా, ఫోన్ పుట్టించినవా?

చీకటిపక్షం | ఆదివారం రాత్రి 11:02

ఉన్నవే. వాటిని గీయడానికే నేను ఏటా కూర్చుంటాను. కోపర్నికస్ 93 కిలోమీటర్ల బిలం. అది పుట్టినప్పుడు ఎగిరిపడ్డ రాళ్ళు తిరిగి నేలను కొట్టి చేసిన గుంటలు అవి. ఆ చుట్టుపక్కలే స్టేడియస్ ఉంటుంది, లావాలో మునిగి అంచు మాత్రమే మిగిలిన పాత బిలం. ఎండ ఏటవాలుగా పడే ఈ ఒకటి రెండు రాత్రులే అది తేలుతుంది. పౌర్ణమి నాడు వెతికినా జాడ ఉండదు.

రాత్రిపూట | ఆదివారం రాత్రి 11:10

"ఫోన్ పుట్టించినవా" అన్న అనుమానం మంచిది, దాన్ని వదలకండి. కొన్ని ఫోన్లలో ఏఐతో దృశ్యాన్ని మెరుగుపరిచే ఆప్షన్ ఉంటుంది. చంద్రుణ్ణి గుర్తుపట్టగానే లేని వివరం అద్దుతుంది. పరీక్ష తేలిక. ఫోకస్ కావాలనే తప్పించి ఒక ఫోటో తీయండి. తెరమీద మసకగా ఉన్నది గ్యాలరీలో పదునుగా మారితే ఆ ఫోటోని నమ్మొద్దు, ఆ ఆప్షన్ ఆపేసి, వీలైతే ఫోన్ ఏ మార్పూ చేయని రా ఫైల్‌లో తీయండి.

నెలవంక_నేస్తం | ఆదివారం రాత్రి 11:31

పరీక్షించాను. మసక మసకగానే వచ్చింది. ప్రాణం లేచొచ్చింది!

ఫ్రేముల_మూట | సోమవారం ఉదయం 7:25

ఆలస్యంగా చూశాను, మన్నించండి. ఇప్పుడు విడి ఫోటోలు మానేసి వీడియో తీయండి.

కారణం గాలి. మన తల మీదున్న గాలి సెకనులో ఎన్నోసార్లు బొమ్మను వంచుతుంది. ఒక్క ఫోటో అంటే ఒక్క పందెం. రెండువేల ఫ్రేములు తీస్తే వాటిలో రెండు మూడు వందలు గాలి ఆగిన క్షణానివి అవుతాయి. అద్దాలబడి గారు చెప్పిన గడ్డకట్టిన క్షణాలు అవే. ఆటోస్టాకర్ట్ లాంటి సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమునూ పరీక్షించి మంచివాటిని ఏరి, ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తుంది. మంచి గాలి ఉన్న రోజున నేను ఇరవై శాతం ఉంచుతాను, బాగాలేని రోజున అయిదు. పేర్చడం వల్ల నలుసు (ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు) కూడా తగ్గుతుంది. 200 ఫ్రేములు పేరిస్తే దాదాపు 14 రెట్లు.

నా దగ్గరా మీలాంటి గొట్టమే. ఫోన్ బదులు 2.9 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న చిన్న కెమెరా వాడతాను. పిక్సెల్ సైజును అయిదుతో గుణిస్తే వచ్చే ఎఫ్ నంబరు (ఫోకల్ లెంగ్త్‌ని అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చేది) దగ్గర పనిచేయమని మా వాళ్ళ మాట. నాకది 14.5. గొట్టం ఎఫ్/8, 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్ రెట్టింపు చేసే కటకం) పెడితే ఎఫ్/16, సరిపోయింది. అప్పుడు నా ఫ్రేము వెడల్పులో 8 ఆర్క్ మినిట్లే పడతాయి, చంద్రుడిలో పావువంతు అనుకోండి.

మోటారు లేదని దిగులు వద్దు. బిలం ఫ్రేములోకి వచ్చే వైపు కాస్త ముందుగా గురిపెట్టి, రికార్డింగ్ మొదలెట్టి, చేతులు తీసేయండి. చంద్రుడే ఫ్రేముకు ఈ చివర నుంచి ఆ చివరకు నడుచుకుంటూ పోతాడు. నాకు అరనిమిషం పైన పడుతుంది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన ఒక్క నడకలో 1800 ఫ్రేములు. అలా నాలుగైదు నడకలు తీసి, జరిగిపోయిన బొమ్మను నడిమికి తెచ్చే పని పిప్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పజెబుతాను. మీ ఫోన్ వీడియోతోనూ ఇదే పద్ధతి పనిచేస్తుంది. ఫోన్ వీడియోని కుదించేస్తుంది కాబట్టి కొంత వివరం పోతుంది, అయినా ఒక్క ఫోటో కంటే ఎంతో మేలు. వీడియోలో కూడా ఫోకస్, షట్టర్ లాక్ చేయడం మరవకండి. లేకపోతే మధ్యలో అది తనిష్టం వచ్చినట్టు మార్చేస్తుంది.

మబ్బులులేవు | సోమవారం ఉదయం 8:40

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఇంత బాగా వస్తే చంద్రయాన్-3 ల్యాండర్ కనిపిస్తుందా?

అద్దాలబడి | సోమవారం ఉదయం 9:10

కనిపించదు. మనకు అందేది కిలోమీటరున్నర, ల్యాండర్ కొన్ని మీటర్లది. భూమి మీదున్న ఏ టెలిస్కోప్‌కీ అది అందదు. కానీ అది దిగిన చోటు చూడొచ్చు. 2023 ఆగస్టు 23న దిగింది, దక్షిణాన 69 డిగ్రీల దగ్గర, మాంజినస్ బిలానికి చేరువలో. పంచమి, షష్ఠి నాడు అక్కడ ఎండ ఏటవాలుగా ఉంటుంది. అంచుకు దగ్గర కాబట్టి బిలాలన్నీ నొక్కేసినట్టు కోలగా కనిపిస్తాయి. చంద్రుడు కాస్త ఊగుతుంటాడు, దాన్ని లైబ్రేషన్ అంటారు. దక్షిణపు అంచు మనవైపు వంగిన నెలలో తీస్తే ఆ చోటు ఇంకా విప్పారుతుంది. ఈ ఊగడం వల్లే కాలక్రమంలో మనకు చంద్రుడిలో 59 శాతం దాకా కనిపిస్తుంది.

కటకం75 | సోమవారం మధ్యాహ్నం 1:15

నాదీ ఒక సందేహం. నా రిఫ్రాక్టర్‌లో తీసిన ఫోటోని చంద్రుడి మ్యాప్‌తో ఎంత తిప్పినా కలపలేకపోతున్నాను.

చీకటిపక్షం | సోమవారం మధ్యాహ్నం 1:32

మీరు ఐపీస్ ముందు డయాగొనల్ వాడుతున్నారు కదా, అందులో ఒక అద్దం ఉంటుంది. ఒక్క అద్దం ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. దాన్ని తిప్పితే సరికాదు, ఫోటోని అడ్డంగా ఫ్లిప్ చేయాలి. న్యూటోనియన్‌లో రెండు అద్దాలు, కాబట్టి తలకిందులు మాత్రమే అవుతుంది, తిప్పితే చాలు. చాలామంది ఫ్లిప్ చేయకుండానే ఫోటోలు పెట్టేస్తారు, నా కళ్ళకు అది అద్దంలో అక్షరాలు చదివినట్టుంటుంది. దయచేసి సరిచేసి పెట్టండి.

రాత్రిపూట | సోమవారం మధ్యాహ్నం 2:20

డీఎస్ఎల్ఆర్ (లెన్స్ విప్పి మార్చగల పెద్ద కెమెరా) ఉన్నవాళ్ళ కోసం నాదొక చిన్న చేర్పు. ఐపీస్ తీసేసి కెమెరా బాడీనే గొట్టానికి బిగిస్తే చంద్రుడి బొమ్మ సెన్సర్ మీద ఎంత పడుతుందో తెలుసుకోవాలంటే ఫోకల్ లెంగ్త్‌ని 110తో భాగించండి. 1200కి దాదాపు 11 ఎం.ఎం. వస్తుంది, ఏపీఎస్-సీ సైజు సెన్సర్‌లో హాయిగా పడుతుంది. కానీ చాలా న్యూటోనియన్లలో కెమెరా ఫోకస్‌కే రాదు. ఫోకసర్‌ని ఎంత లోపలికి తోసినా ఇంకా కొంచెం లోపలికి పోవాలనిపిస్తుంది. అడాప్టర్ దగ్గర నుంచి సెన్సర్ 55 ఎం.ఎం. వెనక ఉంటుంది, అదీ కారణం. బార్లో పెడితే ఫోకస్ బయటికి జరుగుతుంది, చాలావరకు సమస్య తీరుతుంది.

పౌర్ణమికి మొదటి అంచనాగా ఎఫ్/11, ఐఎస్ఓ 100, షట్టర్ 1/100 పెట్టుకోండి. అర్ధచంద్రుడికి అదే సరిపోతుందనుకోవద్దు. సగం కనిపిస్తున్నాడు కాబట్టి సగం వెలుగని అనిపిస్తుంది గానీ, నిజానికి పౌర్ణమి వెలుగులో పదోవంతు దగ్గర ఉంటుంది. నేల అంతా నీడలే కదా.

చీకటిపక్షం | సోమవారం సాయంత్రం 4:05

1/125 అంటే గుర్తొచ్చింది. 1840లో న్యూయార్క్‌లో శాస్త్రవేత్త జాన్ విలియం డ్రేపర్ చంద్రుణ్ణి డాగెరోటైప్ (తొలినాటి ఫోటో పద్ధతి) పలక మీద పట్టడానికి దాదాపు 20 నిమిషాలు వెలుగు పడనిచ్చాడు. ఆ ఇరవై నిమిషాలూ చంద్రుణ్ణి వెంబడించాలి, పలక కదలకూడదు. 1851 నాటికి హార్వర్డ్‌లోని 15 అంగుళాల పెద్ద రిఫ్రాక్టర్‌తో ఫోటోగ్రాఫర్ విపుల్, ఖగోళ శాస్త్రవేత్త బాండ్ తీసిన పలకల్లో బిలాలు స్పష్టంగా తేలాయి. ఆ పాత పలకలు చూసినప్పుడల్లా నా చేతిలో పెన్సిల్ ఆగిపోతుంది.

నేస్తం గారూ, ఈ రాత్రి దశమి. ఉత్తరాన సైనస్ ఇరిడం చూడండి. అర్ధవృత్తంలా వంగిన జూరా కొండలు. లోపలి మైదానం నల్లగా ఉండగానే కొండల తలలకు ఎండ తగులుతుంది, చీకట్లోకి చొచ్చుకొచ్చిన బంగారు పిడిలా ఉంటుంది. కొన్ని గంటలే.

నెలవంక_నేస్తం | సోమవారం రాత్రి 11:55

దొరికింది. ఫోన్‌తోనే తొమ్మిది వీడియోలు తీశాను, ఒక్కోటి ఇరవై సెకన్లు. వాటిలో మూడు పేర్చాను. ఫ్రేముల_మూట గారూ, పేర్చగానే వచ్చిన బొమ్మ మసకగా ఉంటే భయపడ్డాను. రెజిస్టాక్స్‌లో వేవ్‌లెట్లు (పదును పెంచే సాఫ్ట్‌వేర్‌లోని స్లైడర్లు) కదిలించేసరికి కొండలు ఒక్కొక్కటే పైకి లేచాయి. కానీ మొదటిసారి బాగా లాగేశాను, బిలాల చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీతలు వచ్చాయి.

ఫ్రేముల_మూట | మంగళవారం ఉదయం 7:05

రెండో ఫోటో చాలా బాగుంది, మొదటిది తీసేయండి. పదును పెంచేటప్పుడు ఎండ తగిలే అంచుల మీద కన్నుంచండి. అక్కడ తెల్లగా వెలిగిపోయి వివరం చచ్చిపోయిందంటే మీరు హద్దు దాటారు. బాగుందనిపించిన చోటు నుంచి కొంచెం వెనక్కి వచ్చి ఆపేస్తాను నేను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ చూస్తాను, రాత్రి కన్ను ఎక్కువ పదును కోరుతుంది.

నెలవంక_నేస్తం | మంగళవారం ఉదయం 8:20

అలాగేనండి. ఒకటి చూసి చెప్పండి. దక్షిణం వైపు, వెలుగు చీకట్ల గీత దాటి పూర్తిగా చీకట్లో ఒక తెల్ల చుక్క ఉంది. అన్ని ఫ్రేముల్లోనూ ఉంది. ఫోన్ లెన్స్ మీద దుమ్మా?

అద్దాలబడి | మంగళవారం ఉదయం 8:45

దుమ్మయితే చంద్రుడు జరుగుతున్నా అది ఫ్రేములో ఉన్నచోటే ఉండాలి. మీ వీడియోలో చంద్రుడు నడుస్తున్నాడు కదా, చుక్క అతనితో నడుస్తోందా, ఉన్నచోటే ఉందా చూడండి. చివరి వీడియో మొదటిదాని తర్వాత ఎంతసేపటికి తీశారు? ఆ రెండిట్లోనూ అదే చోటు పక్కపక్కన పెట్టండి.

నెలవంక_నేస్తం | మంగళవారం ఉదయం 10:10

చంద్రుడితోపాటే నడుస్తోంది. మొదటి వీడియో 9:50కి, చివరిది 11:15కి.

9:50 దాంట్లో ఒక్క చుక్క. 11:15 దాంట్లో ఆ చుక్క పొట్టి గీతలా సాగింది, దాని పక్కనే ఇంకో చిన్న చుక్క పుట్టింది.

అద్దాలబడి | మంగళవారం ఉదయం 10:18

అది ఒక బిలం అంచు మీద ఎత్తైన చోటు. కింద నేలంతా ఇంకా రాత్రిలోనే ఉంది, దాని కొసకు మాత్రం పొద్దు పొడిచింది. చంద్రుడి నడుము దగ్గర ఆ పొద్దు గంటకు 15 కిలోమీటర్ల చొప్పున కదులుతుంది, సైకిల్ మీద పోతున్నట్టు. దక్షిణాన ఇంకా నెమ్మది. ఎనభై అయిదు నిమిషాల్లో మీ కళ్ళముందే ఎండ ఆ గోడ మీదుగా దిగింది, పక్కనున్న ఇంకో శిఖరాన్ని తాకింది.

నెలవంక_నేస్తం | మంగళవారం ఉదయం 10:24

ఈ రాత్రి ఏడింటికే మొదలుపెట్టి, పది నిమిషాలకొక వీడియో తీస్తాను. ఏకాదశి కదా, గస్సెండీ బిలం దగ్గర వెలుగు చీకట్ల గీత ఉంటుందని మ్యాప్‌లో చూశాను.